ఉపవాచక కథానిర్ణయము: కడపసీమ దృష్టాంతము

పాఠశాలలలోఁ దెలుఁగు చదువు విద్యార్థుల చేతికి వచ్చు గ్రంథములు రెండు తెఱఁగులు. గురువు ముందుండి పదవిభాగముతోఁ, బ్రతిపదార్థముతో, వ్యాకరణవిశేషములతో మెల్లగాఁ జెప్పునది మొదటిది. దానికి వాచకమని పేరు. విద్యార్థి తనంతఁ దాను జదువుకొని కథను గ్రహింపవలసినది రెండవది, అది యుపవాచకము. మొదటిదానియందు గురువు వక్త, శిష్యుఁడు శ్రోత. రెండవదానియందుఁ జదువువాఁడు శిష్యుఁడే. అట్లయ్యు నా రెండవ గ్రంథము నేర్పఱచునపుడు శిష్యుని వయస్సును వాని యభిరుచియుఁ దఱచుగా లెక్కకు రాలేదు. భాష చక్కఁబడుటకో, నీతి నాటుకొనుటకో, సంఘము దిద్దుకొనుటకో, దేశాభిమానము కలుగుటకో గ్రంథము నేర్పఱచిరి. ఇవి యన్నియు మంచి ప్రయోజనములే. కాని పండ్రెండేండ్లు దాఁటి పదునాఱింటికిఁ జేరు బాలబాలికలు కథను బట్టి చదువుదురు గాని ప్రయోజనమును బట్టి చదువరు. కథ వారిని బట్టుకొననిచో నా ప్రయోజనము పుస్తకమునందే నిలిచిపోవును. కౌమారమునఁ జదువఁదగిన కథల నెన్నుకొనుటలో మనవారు నడచిన త్రోవ యెట్టిదో, దానియందుఁ గడపసీమకుఁ గల పాలెంతయో, యిఁక నడువవలసిన త్రోవ యేదో విచారించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఈ విచారమునకు మొదలు పంచతంత్ర కథాముఖము. మహిలారోప్యపురము నేలు నమరశక్తికి మువ్వురు కొడుకులు, మువ్వురును జదువనొల్లనివారు. రాజు చింతిల్లి మంత్రుల నడుగఁగా, వ్యాకరణ మొక్కటి నేర్చుటకే పండ్రెండేండ్లు పట్టుననియు, ధర్మార్థశాస్త్రము లా తరువాతి మాటయనియుఁ జెప్పిరి. సుమతి యను మంత్రి మాత్రము జీవితము స్వల్పము, శాస్త్ర మనంతము గావున సంక్షేపమార్గ మొండు వెదకవలెనని పలికి విష్ణుశర్మను బిలిపించెను. ఎనుబదియేండ్ల యా బ్రాహ్మణుఁడు రాజొసఁగఁబోయిన యగ్రహారములను వలదని, తాను విద్య నమ్మువాఁడను గానని చెప్పి, యాఱునెలలలోఁ గుమారులను నీతివిదులను జేయుదునని పూని కథలు చెప్పెను. పండితులకెల్ల నీ కథ కంఠస్థమే. ఐనను దీనియందొక విశేషము దఱచుగా మఱుఁగుపడుచున్నది. పంచతంత్రము వ్యాకరణమునకు సాధనముగాఁ బుట్టినది కాదు. పండ్రెండేండ్ల వ్యాకరణమును మోయనొల్లని కుమారుల కొఱకు దానికిఁ బ్రతిగాఁ బుట్టినది. అనఁగా మన దేశమునఁ గౌమారపాఠకుల నుద్దేశించి యేర్పడిన కథాగ్రంథములలో మిక్కిలి ప్రసిద్ధమైన యిది, చదువువారి యిచ్ఛను ముందు చూచి యేర్పడినది.

ఇట్టి గ్రంథమునకుఁ దెలుఁగునఁ గలిగిన గతి విచిత్రము. చెన్నపురి రాజధాని పాఠశాలలోఁ దెలుఁగు పండితుఁడై యుండిన పరవస్తు చిన్నయసూరి 1853వ సంవత్సరమున నీతిచంద్రికను వెలువరించెను. మిత్రలాభ మిత్రభేదములను రెండు భాగము లందుఁ గలవు. సూరి 1858లో బాలవ్యాకరణమును బ్రకటించెను. అప్పటినుండి నీతిచంద్రిక లక్ష్యము, బాలవ్యాకరణము లక్షణము నై రెండును గవలపిల్లలవలె నడచినవి. తెలుఁగు గద్యమున కట్టి సౌష్ఠవము పూర్వ మరుదు, తరువాతను నరుదే. సూరి గద్యము జదువని తెలుఁగు చదువు కొఱఁతపడిన చదువే యనుటకు సందేహము లేదు. కాని పాఠశాలలో జరిగినదేమి? సంధులు విడఁదీయుటకును, సమాసములకు విగ్రహము చెప్పుటకును, దేశ్యపదములకు నర్థము వ్రాయుటకును మిత్రభేదము గనియయ్యెను. దమనకుఁడు పింగళకునకును సంజీవకునకును నడుమ నెట్లు చిచ్చుపెట్టెనో, యది తమ తరగతిలోఁ దాము చూచుచున్న చాడీలకు నెట్లు సరిపోవునో తెలిసికొనుటకు విద్యార్థికి వ్యవధి చిక్కదయ్యెను. వ్యాకరణమునకుఁ బ్రతిగాఁ బుట్టిన కథ మరల వ్యాకరణమునకే దాస్యము చేసెను. ఇది సూరి దోషము కాదు. సూరి వాచకమును వ్రాసెను. దానినే యుపవాచకముగాఁ గూడఁ బనిచేయింపఁ జూచినవారిది.

అదే 1853వ సంవత్సరమున వేఱొక పుస్తకము వెలువడినది. దాని పేరు రాజుల యుద్ధములు. ప్రకటించినవాఁడు చార్లెసు ఫిలిప్పు బ్రౌను. ఈయన 1820లోఁ గడపకు వచ్చి, 1821లో నచ్చటఁ దన సొమ్ముతో రెండు ధర్మపాఠశాలలను బెట్టెను. పిమ్మటఁ గడపలోఁ దన యింట పండితులను జేర్చి తెలుఁగు కావ్యములకుఁ బరిష్కరణము చేయించెను. రాజుల యుద్ధములు 1750 మొదలు 1810 వఱకుఁ గల కాలమున వ్రాయఁబడిన యనంతపుర చరిత్రము. హండె ప్రభువుల జయాపజయములు, పాళెగాండ్ర పోరులు, కోటముట్టడులు, చెఱువుకట్టల కథలు నందలి విషయము. భాష యా సీమవారు నిత్యము మాటలాడు భాష. రెండేండ్లకు, 1855లో, బ్రౌను తాతాచార్యుల కథలనుఁ బ్రకటించెను. అవియు నట్టి వాడుకభాషలోనివే, హాస్యప్రధానములు. బ్రౌను వీనిని ముఖ్యముగాఁ దెలుఁగు నేర్చు దొరలకై యచ్చొత్తించెను గాని తెలుఁగు పిల్లలకై కాదు. ఆ హేతువుచేతను, వానిభాష శిష్టగ్రంథభాష గాకపోవుటచేతను, నా పుస్తకములు బడిపిల్లల చేతులకు రాలేదు. ఒక్క యేటఁ బుట్టిన రెండు గ్రంథములలో నొకటి తరతరముల పాఠమయ్యెను. తమ సీమ రాజులు గుఱ్ఱములెక్కి పోరాడిన కథ గల రెండవది కడప, జమ్మలమడుగు, పులివెందుల పిల్లలకుఁ బేరైనఁ దెలియదయ్యెను. పదునాలుగేండ్ల బాలుఁడు తన చేతికి రెండు నిచ్చినయెడల దేనిని దీపమారువఱకుఁ జదువునో యూహించుట కష్టము కాదు. కావలసినది రెంటిలో నొకదానిని ద్రోయుట కాదు. వాచకమున కొకటియు, నుపవాచకమున కొకటియు నుంచుట. ఆ వివేకము నాఁడు కలుగలేదు.

తరువాతి తరమువారు కల్పితకథలకుఁ బూనిరి. బెంగాలువారి యాచారవ్యవహారములను జూపు కల్పితకథకు బహుమానము ప్రకటించిన మేయోప్రభువు ప్రకటన కారణముగాఁ బుట్టినది నరహరి గోపాలకృష్ణమచెట్టి వ్రాసిన శ్రీరంగరాజ చరిత్రము. ఇది 1872లోఁ బ్రకటితము. కందుకూరి వీరేశలింగముపంతులు రాజశేఖర చరిత్రమును 1878లో వివేకవర్ధనిలో మొదలుపెట్టి 1880లో గ్రంథముగా వెలువరించెను. గోల్డుస్మిత్తు వ్రాసిన యాంగ్లకథ దీనికిఁ బ్రేరకము. సంఘదోషములను జూపుట దాని యుద్దేశము. ఆ యుద్దేశమునందుఁ గృతార్థమయ్యెను గూడ. ఐనను రాజశేఖరుఁడు ముఖస్తుతులకు లోఁబడి ధనము పోఁగొట్టుకొని దేశాంతరము పట్టిన నడివయసు గృహస్థు. వాని కష్టము పిల్లలకుఁ దండ్రికష్టము. దానిని వారు గడపయొద్ద నిలిచి చూతురు గాని లోనికిఁ జొచ్చి యనుభవింపరు. శ్రీరంగరాజ చరిత్రమున నందులకు భిన్నముగాఁ బడుచువాని ప్రేమయు, లంబాడీల నడుమఁ బెరిగిన సోనాబాయి జన్మరహస్యమును గలవు. పంతులే వ్రాసిన సత్యరాజా పూర్వదేశయాత్రలు వింతదేశములఁ ద్రిప్పుచు నవ్వించును. పిల్లల కోరిక యెటువైపునకుఁ బోవునో యీ మూఁడు పుస్తకములను బ్రక్కప్రక్కనఁ బెట్టిన తెలియఁగలదు.

1906లో హైదరాబాదున నేర్పడిన విజ్ఞానచంద్రికా మండలి మూఁడవ ప్రయోజనమును దెచ్చినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావు, గాడిచర్ల హరిసర్వోత్తమరావు మున్నగువారు దీనికిఁ బూనిక వహించిరి. హరిసర్వోత్తమరావు కర్నూలువాఁడు, మండలి ప్రథమగ్రంథమైన యబ్రహాము లింకను చరిత్ర మాయన రచన. చారిత్రక నవలలకు మండలి పోటీలు పెట్టెను. కేతవరపు వేంకటశాస్త్రి రాయచూరు యుద్ధము, భోగరాజు నారాయణమూర్తి విమలాదేవి యిట్టి ప్రోత్సాహమునఁ బుట్టినవి. దేశచరిత్రము కథగా మాఱినప్పుడు కుఱ్ఱవాఁ డాదరముతోఁ జదువునని యీ గ్రంథములు చూపినవి. పుట్టపర్తి నారాయణాచార్యుల పెనుగొండలక్ష్మి యీ విషయమున మఱింత యుక్తమైన సాక్ష్యము. అది పద్యకావ్యమే యైనను, బాల్యము పూర్తిగా వీడని ప్రాయమున, తాను దిరిగిన యూరి కోటశిథిలములను జూచి యాయన వ్రాసినది. తరువాత నాయన విద్వాన్ పరీక్షకుఁ గూర్చుండినప్పు డదే గ్రంథము పాఠ్యముగా నుండెనని ప్రసిద్ధి. పిమ్మట నాయన ప్రొద్దుటూరు పాఠశాలలోఁ దెలుఁగు చెప్పెను. తన యూరి ఱాళ్లే తన మొదటి గ్రంథమున కాధారమైన బాలకవి దృష్టాంతము, దగ్గఱి వస్తువునకుఁ గుమారుల మనస్సుపైఁ గల బలమును జూపుచున్నది.

1911 మొదలు 1914 వఱకు సాగిన భాషావివాద మిచ్చటఁ బ్రస్తావింపవలసినదే. పాఠశాలలలో విద్యార్థులు వ్యాసము నేభాషలో వ్రాయవలెనన్నది దానియందలి ముఖ్యప్రశ్నము. గిడుగు రామమూర్తిపంతు లొకప్రక్క, జయంతి రామయ్యపంతులు నాంధ్రసాహిత్యపరిషత్తు నొకప్రక్క నిలిచి వాదించిరి. ఆ వాదములందలి పాండిత్యము గౌరవింపఁదగినది. కాని యది వ్రాఁతను గూర్చిన వాదము. పిల్లవాఁ డేది తనంతఁ దాను జదువునన్న ప్రశ్నము వెనుకఁబడినది. వాడుకభాషలోనున్న దంతయు బాలురకు రుచించు ననుటయు, గ్రంథభాషలోనున్న దంతయు రుచింపదనుటయు రెండును దప్పే. కథాసూత్రము బలముగా నున్నచోఁ గొంత కఠినమైన పదమును బాలుఁడు దాఁటిపోవును. సూత్రము తెగినచో మిక్కిలి తేలికమాటయు వానిని నిలుపలేదు.

ఇఁక నెన్నికయం దధికారము జోక్యము చేసికొన్న దృష్టాంత మొకటి కలదు. ఉన్నవ లక్ష్మీనారాయణ మాలపల్లి నవలను రాయవెల్లూరు చెఱసాలలో వ్రాసెను. 1922లోఁ బ్రకటితమైన వెనుక నది నిషేధింపఁబడినది. తరువాత నాంధ్రవిశ్వవిద్యాలయము దానిని బాఠ్యముగా నేర్పఱుపఁగా 1936లో నది మరలఁ దొలఁగింపఁబడెను. 1937లోఁ గాంగ్రెసు మంత్రివర్గము వచ్చినపిమ్మట నాటంకము తీఱెను. ఇది కళాశాలల విషయము గాని పాఠశాలల విషయము కాదు. ఐనను గ్రంథనిర్ణాయకులలో నొక భయము దీనివలన నాటుకొనె నని యూహింపవచ్చును. ఎవ్వరికి నొప్పి కలిగింపని కథయే మంచికథ యను తలంపు బలపడినచో, చివర కెవ్వరిని గదలింపని కథయే మిగులును.

పాఠశాల యిట్లు జంకుచుండఁగా, బయట వేఱొక ద్వారము తెఱవఁబడినది. 1947 జూలైలో జన్మించిన చందమామ మాసపత్రికకు స్థాపకుఁడు బి. నాగిరెడ్డి కడపజిల్లా పొట్టిపాటివాఁడు. చక్రపాణి యందులకుఁ దోడు. 1952 మొదలు 1980 వఱకుఁ గొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వభారమును వహించెను. దాసరి సుబ్రహ్మణ్యము తోఁకచుక్కతో మొదలిడి మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపము, రాకాసిలోయ, పాతాళదుర్గము మున్నగు ధారావాహికలను వ్రాసెను. పత్రికలోఁ గర్త పేరు లేకయే యవి యచ్చుపడినవి; ఐనను జదివినవారు పేర్లతో సహా నేఁటికి మఱవలేదు. వానిలో నీతిబోధ ప్రత్యేకముగాఁ జెప్పఁబడదు. ఇద్దఱు పడుచువాండ్రు భయంకరారణ్యమునఁ జిక్కుకొందురు, త్రోవ తామే వెదకికొందురు, మాటకుఁ గట్టుబడుదురు, స్నేహితుని విడువరు. ధైర్యము, స్నేహము, మాట నిలుపుకొనుట కథలో నడచునే కాని వాక్యముగాఁ బలుకఁబడవు. తెలుఁగు చందమామ 2013 నాఁటి కాఁగిపోయినను, మనవారిలో వేలమందికిఁ జదువు మప్పిన బడి యదే.

నండూరి రామమోహనరావు టామ్ సాయరు, హకిల్‌బెరి ఫిన్ను, రాజు–పేద, కాంచనద్వీపము నను కథలను దెలుఁగున ననువదించి యా ద్వారమును మఱింత విశాలము చేసెను. కాంచనద్వీపమునకు మూలమైన స్టీవెన్సను కథ పుట్టుక యిచటఁ జెప్పఁదగినది. స్టీవెన్సను తన సవతికొడుకైన పదుమూఁడేండ్ల బాలునితోఁ గూడ నొక ద్వీపపటమును గీయుచుఁ గథ నల్లెను. అది 1881–82లో బాలపత్రికలోను, 1883లో గ్రంథముగాను వెలువడినది. శ్రోత యెదుటఁ గూర్చుండఁగా నల్లఁబడుటచేత నందులో విసువునకుఁ దావు లేదయ్యెను. అమెరికాలో 1967లో వెలువడిన ది అవుట్‌సైడర్స్ నవలను రచించిన హింటను దానిని బాఠశాలలోఁ జదువుచుండఁగనే వ్రాసెను; నాఁటినుండి యది పాఠశాలలలో విశేషముగాఁ జదువఁబడుచున్నది. విష్ణుశర్మ యెదుట రాజకుమారులు, స్టీవెన్సను ప్రక్క బాలుఁడు, హింటనునందు నామెయే. చదువరి వయస్సు రచనాకాలముననే లెక్కకు వచ్చినచోఁ గథ నిలిచినదనుట కీ మూఁడు నుదాహరణములు.

పుస్తకములు లేని కాలమునఁ గడపసీమ పిల్లలు కథ లెఱుఁగనివారు కారు. మైదుకూరు బద్వేళ్ల కనతిదూరమున నున్న బ్రహ్మముగారి మఠమే దీనికి సాక్షి. కందిమల్లాయపల్లె యని పూర్వనామము గల యా గ్రామమునఁ బోతులూరి వీరబ్రహ్మము 1693లో వైశాఖ శుద్ధ దశమినాఁడు జీవసమాధి నొందెనని మఠసంప్రదాయము. ఏఁటేఁట నా తిథికి జరుగు నారాధనమునకు జనులు తండోపతండములుగా వత్తురు. బుఱ్ఱకథలుగా, హరికథలుగా, నాటకములుగా బ్రహ్మముగారి చరిత్ర మా చుట్టుప్రక్కల నెన్నితరములనుండియో వినఁబడుచున్నది; 1984లో నందమూరి తారకరామారావు దానిని జలనచిత్రముగాఁ దీసెను. పెద్ద లా కథయందుఁ గాలజ్ఞానమును వెదకుదురు. పిల్లలు వెదకునది వేఱు.

వారికిఁ బ్రియమైన ఘట్టములు రెండు. మొదటిది బనగానపల్లెలో నచ్చమ్మగారి పసులఁ గాచిన కుఱ్ఱవాని కథ. పసులచుట్టును గీఁత గీసి యవి దాఁటిపోకుండఁ జేసి, తాను రవ్వలకొండ గుహలోఁ గూర్చుండి తాటాకులపై వ్రాసికొనుచుండెనఁట. పసులఁ గాచుట వానికి విధింపఁబడిన పని. వ్రాయుట తా నెన్నుకొన్న పని. రెంటిని నడపుకొనుట పసులకాపరి పిల్లలకుఁ దెలిసిన చిక్కే. రెండవది సిద్ధయ్య కథ. దూదేకుల యింటఁ బుట్టిన యా పడుచువాఁడు తల్లిదండ్రులను విడిచి గురువు నాశ్రయించెను. వారు కడపనవాబునకు మొఱపెట్టిరి. నవాబు పిలిపించి సలాము చేయవేమని యడుగఁగా, గురువునకుఁ దక్క నింకొకరికి మ్రొక్కిన నెదుటివాఁడు తాళఁజాలఁడని పలికి, చూపుటకై యొక బండకు మ్రొక్కఁగా నా బండ పగిలెనని జనశ్రుతి. బండ పగులుట నమ్మినను నమ్మకున్నను, పడుచువాఁ డొక్కఁడు కొలువున నిలిచి తన నిర్ణయమును దా నప్పగింపకుండుట పిల్లలు నమ్ముదురు. తల్లిదండ్రుల దుఃఖము నిజము. కుమారుని నిశ్చయమును నిజము. కథ రెంటిని గాదనదు. ఇట్టి చిక్కు గల కథ కౌమారమునకుఁ దగినది.

ఇచ్చట వ్యాకరణశాస్త్రమునుండి యొక మాట యుపకరించును. క్రియయందు స్వతంత్రుఁడెవ్వఁడో వాఁడే కర్త యని పాణిని కర్తకు లక్షణము చెప్పెను. ఈ లక్షణమునే కథలకుఁ బట్టించి చూచినచో మన యుపవాచకముల మర్మము తెలియును. నీతికై యేర్పఱిచిన కథలలోఁ బిల్లవాఁడు తఱచు కర్మ. పెద్దలు వానిని దిద్దుదురు, శిక్షింతురు, మెచ్చుకొందురు. క్రియాఫలము వానిపైఁ బడునే కాని క్రియ వానిది కాదు. సిద్ధయ్య కర్త. చందమామ వీరులు కర్తలు. పదునైదేండ్లవాఁ డింటను బడిలోను బెక్కుచోట్ల కర్మగానే యుండును. పుస్తకమునందైనఁ గర్త యగుట కోరును. ఆ కోరిక తప్పు గాదు. కర్తృత్వము నేర్వనివాఁడు పెద్దవాఁడు కాలేఁడు.

2014లో వచ్చిన పదవతరగతి తెలుఁగు పాఠ్యమున రామాయణము గద్యరూపమున నుపవాచకముగా నేర్పడినది. దీనిని ప్రాచీనమని కొందఱు మెచ్చిరి, ప్రాచీనమనియే కొందఱు విసుగుకొనిరి. రెండు మాటలును విషయమును దాఁకవు. విశ్వామిత్రుఁడు రాము నడిగినప్పుడు తన కుమారునకుఁ బదునాఱేండ్లైన నిండలేదని దశరథుఁడు వగచెను. అనఁగా వనమునకు నడచిన యా రాముని వయస్సు పదవతరగతి విద్యార్థి వయస్సే. మొదటిసారి యిల్లు విడుచుట, తాటకయెదుట స్త్రీవధము తగునా యని శంకించుట, పెద్దలమాటకును దన మనస్సునకును నడుమ నిలుచుట. ఇంతకంటెఁ గౌమారోచితమైన కథ యేది? కాని కాండమునకుఁ గొన్ని ప్రశ్నలు, ప్రశ్నకుఁ గొన్ని మార్కులు నను లెక్కలోఁ బడినప్పు డా పదునైదేండ్ల బాలుఁడు కనఁబడఁడు. పేర్ల పట్టిక మాత్రము మిగులును. గ్రంథ మెంత మంచిదైనను బరీక్షకై చదివింపఁబడినచో వాచకమే యగును గాని యుపవాచకము కానేరదు.

నేఁడు కడపసీమలోఁ గథలకుఁ గఱవు లేదు. కేంద్రసాహిత్య అకాడమీ యువపురస్కారములలోఁ దెలుఁగునకు 2011లోఁ బొందినది వేంపల్లె గంగాధరు మొలకలపున్నమి. 2012లో వేంపల్లె షరీఫు జుమ్మా. ఇరువురును బులివెందుల ప్రాంతపు వేంపల్లెవారే. బీదముస్లిము కుటుంబములలోని బాల్యము, తల్లిబిడ్డల యనుబంధము జుమ్మా కథలలోఁ గలవు. ఆ యిండ్లనుండి బడికి వచ్చు పిల్లలు తెలుఁగు పుస్తకమునఁ దమ యింటిని మొదటిసారి చూచుకొందురు. ప్రొద్దుటూరి యుపాధ్యాయుఁడు డి. కె. చదువులబాబు వజ్రాలవాన యను కథలసంపుటికి 2023లో బాలసాహిత్యపురస్కారము నందెను. ఇది తొలిమెట్టు పాఠకులకుఁ దగును. కలసపాడు మండలమునకుఁ జెందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డియు నుపాధ్యాయుఁడే. ఆయన కొండపొలము నవల 2019లోఁ దానా బహుమానము నొంది 2021లోఁ జలనచిత్రమైనది. కఱవునాఁట గొఱ్ఱెలమందలను నల్లమలకుఁ దోలుకొనిపోవుటకుఁ గొండపొలమని పేరు. చదువుకొన్న పడుచువాఁ డొక్కఁడు గొఱ్ఱెలకాపరులతోఁ గూడ నడవికిఁ బోయి, పులిభయమును దప్పికను నోర్చి, తన్నుఁ దా నెఱుఁగును. నాయకుఁడు పదవతరగతివానికంటెఁ గొంత పెద్దవాఁడే. ఐనను నాలుగైదేండ్లు ముందు నడుచువాని వెంట నడుచుట బాలుర కిష్టము. పలుకుబడి యా సీమది. అడవి బ్రహ్మముగారి మఠము పిల్లల కెదుటఁ గనఁబడు కొండలలోనిది. పుస్తకము పెద్దదగుటచేఁ దరగతిలో భాగములుగాఁ జదివింపవచ్చును.

ఈ యెన్నిక కిచ్చట విశేషావశ్యకత యొకటి కలదు. కడపసీమ పేరు చెప్పఁగానే కత్తులు, బాంబులు, కక్షలు నను చిత్రమును జలనచిత్రములు లోకమున కలవరచినవి. ఆ చిత్రమునే యా సీమ కుఱ్ఱవాఁడును జూచి తన యద్దమనుకొను ప్రమాదము గలదు. వాని నద్దము మార్పవలసినది నీతివాక్యము కాదు, వేఱొక కథ. గొఱ్ఱెలఁ దోలుకొని కొండకుఁ బోయిన ధైర్యము, కొలువున మాట నిలుపుకొన్న ధైర్యము చేతికిచ్చినఁగాని కత్తి ధైర్యము చిన్నది కాదు.

ఇట్టి కథల వలన భాష చెడునని కొందఱి శంక. నీతిచంద్రిక వాచకమునఁ దన స్థానమున నుండఁగా నుపవాచకమువలన భాషకు హానిలేదు; చదువు నలవడినవాఁడే తరువాత సూరి సొగసు నెఱుంగును. నీతి లోపించునని మఱికొందఱి శంక. ప్రభువువలె శాసించునది వేదము, మిత్రునివలె బోధించునది పురాణము, కాంతవలె నొప్పించునది కావ్యమని యాలంకారికులు చెప్పిరి. పదునాఱవయేడు వచ్చిన కొడుకును మిత్రునిఁగాఁ జూడవలెనని నీతిశాస్త్రము. ఆ వయస్సువానికిఁ గథయు మిత్రునివలెనే పలుకవలెను గాని ప్రభువువలెఁ బలుకరాదు. అనుచితవిషయములు చొచ్చునని మూఁడవ శంక. దీనికిఁ బరిహార మొక్కటే: ఉపాధ్యాయుఁడు గ్రంథమును మొదటినుండి తుదివఱకుఁ దాను ముందు చదువవలెను. పేదఱికము, కులభేదము, మరణము నున్నంతమాత్రమునఁ గథ యనుచితము కాదు. హింసయందు రుచి పుట్టించునది యనుచితము.

కావున నిర్ణాయకులు చూడవలసినవి నాలుగు. కథలోని ముఖ్యపాత్ర చదువరి వయస్సునకుఁ జేరువవాఁడై, లేక చేరువదై, క్రియయందు స్వతంత్రత గలదై యుండవలెను. చిక్కు నిజమైనదై, రెండుప్రక్కల న్యాయము గలదై యుండవలెను. వస్తువు పిల్లలెఱిఁగిన లోకమునుండి మొదలై యెఱుఁగని లోకమునకుఁ గొనిపోవవలెను. భాష కథను మోయునదై యుండవలెనే కాని కథచే మోయఁబడునది కారాదు. ఇంతియ కాదు. కథానాయకునకు వలెనే చదువరికిని గర్తృత్వ ముండవలెను. ఒక్క పుస్తకమును విధించుటకు మాఱుగా నాలుగు పుస్తకములను దరగతిలో నుంచి యేదేని నొకటి చదువుమని చెప్పి, మార్కులు లేని ముచ్చట జరిపినచో, తాను జదివిన దెందులకు నచ్చెనో చెప్పుటకు బాలుఁడు మాటలు వెదకికొనును. ఆ వెదకుటయందే భాషయు, వివేచనయుఁ బుట్టును. అమరశక్తి కుమారులకుఁ గథలు చెప్పిన వృద్ధుఁ డాఱునెలలు గడువు కోరెను. మన పాఠశాలల కేఁటికిఁ బదినెలల గడువు గలదు. అందొక వారమునకు నొక గంట యీ పనికై వదలిన నది చాలును.